పైకి మోసిన కట్టెలు

ఆ ఉదయం కొండకు పోయే ముందు హేబత్ చేసిన చివరి పని గంత కుట్టడం. వరండా చెక్క మెట్టు మీద కూర్చుని, కంచర గాడిద వీపున వేసే గంతకు చిరుగు పడిన చోట వరిగడ్డి కుక్కి, గోనె సూదితో కుట్లు వేశాడు. దారం పళ్లతో తెంపాడు. రాత్రంతా పడిన వాన తెల్లవారేసరికి ఆగింది కానీ, పొగమంచు లోయలోంచి పైకి పాకి పశువుల పాక దాకా అన్నిటినీ మింగేసి ఉంది.

"నిన్న చిక్కుడు గింజల కూరలో సోయికూర తక్కువైంది," అన్నాడు, గంత తిప్పి చూసుకుంటూ.

"నీ నోటికి తక్కువైంది," అంది భార్య గులందామ్ లోపలి నుంచి. "తిన్నప్పుడు గిన్నె నాకావుగా?"

"ఆకలికి నాకానే. రుచికి కాదు."

చక్కెర ముక్క బుగ్గన పెట్టుకుని టీ తాగాడు. గ్లాసు మెట్టు మీదే బోర్లించాడు. ఎప్పుడూ అంతే, ఎన్నిసార్లు చెప్పినా గ్లాసు లోపలికి తెచ్చేవాడు కాదు. ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని మంచులోకి నడిచాడు. కుట్టిన గంత మెట్టు మీదే ఉండిపోయిందని, గాడిదలు రెండూ పాకలోనే నెమరు లేని నోళ్లు ఆడిస్తున్నాయని గులందామ్‌కు కాసేపటి దాకా తట్టలేదు.

హేబత్ పుట్టింది ఎగువ మేత బీళ్లలో, పెరిగింది సియాకష్‌లో. సియాకష్ పెద్ద ఊరేం కాదు. కొండవాలును కరుచుకున్న కొన్ని చెక్క ఇళ్లు, చెక్క పెంకుల కప్పులు, గాలికి పెంకులు లేవకుండా వాటి మీద రాళ్లు. దిగువన వరిచేలు, వాటి అవతల సముద్రం. మబ్బు లేని రోజు సముద్రం కనిపిస్తుంది. అలాంటి రోజులు తక్కువ. ఇళ్ల వెనక గోడల నుంచే అడవి మొదలు. అంతా రాష్ చెట్లే, బూడిద రంగులో, ఏనుగు కాళ్లలా లావుగా, నున్నగా.

పచ్చని చెట్టు మీద గొడ్డలి పడకూడదు. ఒరిగిపోయి పడిన చెట్టును మాత్రం దింపుకోవచ్చు. అక్కడి చట్టం అది. కలప గుత్తేదారు మనుషులు పడిన మాన్లను దిమ్మెలుగా కోస్తే, వాటిని బండి దారి దాకా మోసేవి కంచర గాడిదలు. హేబత్ తండ్రి ఆ గాడిదల వెనకే బతికాడు, హేబత్ కూడా అంతే. పడి ఉన్న దుంగను ఒకసారి చుట్టి వస్తే చాలు, ఎక్కడ కోయాలో, ఏ దిమ్మె ఏ పక్క కట్టాలో, ఏ మలుపులో తాడు జారుతుందో చెప్పేసేవాడు. గాడిదలతో ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు. నల్లదాన్ని 'అమ్మగారూ' అనేవాడు.

"గాడిదకు 'అండీ', నాకు 'ఏమే'నా?" అని గులందామ్ పెళ్లయిన కొత్తలోనే అడిగింది.

"అది తంతుంది. నువ్వు తన్నవుగా."

"నేర్చుకుంటాలే."

అతనికి భయమన్నది ఒక్కదానికే, నేల కింద నీటి చప్పుడుకి. చిన్నతనంలో పక్క లోయలో ఒక పల్లె ఉండేది. బొగ్గు బట్టీల వాళ్లు ఆ పల్లె పైనున్న వాలును పుల్ల మిగలకుండా ఊడ్చేశారు. ఒక శరదృతువు వానల్లో నేల కింద నీళ్లు చేరి ఆ కొండ జారి పల్లె మీద కూర్చుండిపోయింది. మర్నాడు తండ్రి గాడిదలను తోలుకుని సాయానికి వెళుతూ హేబత్‌ను కూడా తీసుకెళ్లాడు. ఇళ్లు లేవు, దారి లేదు, ఉన్నదంతా ఎర్రమట్టి. ఆ మట్టి కింద ఎక్కడి నుంచో ఆవుల మెడగంటలు వినిపిస్తున్నాయి. సాయంత్రం దాకా మోగి ఆగిపోయాయి. ఈ సంగతి గులందామ్‌కు ఒక్కసారే చెప్పాడు. రెండోసారి ఆమె అడిగినా చెప్పలేదు.

ఆ ఇంట్లో కాపురానికి వచ్చినప్పుడు వెనక తలుపు వేలితో తోస్తే మూసుకునేది. కొన్నేళ్లకు భుజంతో నెట్టాల్సి వచ్చింది. ప్రతి వానాకాలం తర్వాత హేబత్ తలుపు ఊడదీసి అంచు చిత్రిక పట్టేవాడు.

"చెమ్మకు ఉబ్బుతోంది," అనేది గులందామ్.

అతను తలెత్తకుండా చిత్రిక పడుతూనే ఉండేవాడు.

ఒకరోజు ఆమె టీ నీళ్లు కాగే సమోవార్ పక్కన టీ గ్లాసు పెట్టి, వంగి చూసింది. టీ ఒక అంచున ఎక్కువగా, ఒక అంచున తక్కువగా ఉంది.

"ఈ గ్లాసు వంకర వచ్చిందయ్యా."

"గ్లాసు కాదు," అన్నాడు హేబత్.

ఆ తర్వాత ఎక్కడ చూసినా ఆమెకు అదే కనిపించేది. కంచె గుంజలు ఒకే వైపుకు, దిగువకు ఒరుగుతున్నాయి. వాన వెలిసిన పూట వెనక గోడకు చెవి ఆనిస్తే లోపల ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు ఉండేది. ఇంటి పైనున్న వాలు ఎంత బోసిగా ఉందో కూడా అప్పుడే కళ్లబడింది. ముసలి రాష్ చెట్లు దూరం దూరంగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య పిల్ల చెట్టంటూ ఒక్కటీ లేదు. ముళ్లపొదలు, ఫెర్న్ ఆకులు మాత్రమే.

రాష్ గింజ బాగా కాసిన ఏటి తర్వాత వసంతంలో ఆ వాలంతా నారుమడిలా మొలిచేది. చూసినవాళ్లెవరైనా అడవికి లోటు లేదనుకుంటారు. ఎండాకాలం సగంలోకి వచ్చేసరికి ఆ నారంతా ఎటుపోయేదో పోయేది. కొంత ఎండేది, కొంత వాన నీటితో పాటు కొట్టుకుపోయేది, మిగిలినదాన్ని ముళ్లపొదలు కమ్మేసేవి. ముసలి చెట్లేమో ఒక్కొక్కటే పైనుంచి ఎండుతూ వస్తున్నాయి. వాటి వేళ్లు పుచ్చిపోయిన నాడు ఈ వాలును పట్టుకునేదేమిటి? హేబత్‌ను తినేసిన ప్రశ్న అదే. ఆ వాలు మీద పడిన ప్రతి మానునూ దిమ్మె మిగలకుండా కిందికి దింపింది ఎవరో అతనికి ఇంకొకరు చెప్పనక్కర లేదు.

ఒక సాయంత్రం వచ్చి, చేతులైనా కడుక్కోకుండా, "పద, ఒకటి చూపిస్తా," అన్నాడు.

గులందామ్ కొంగుకు చేతులు తుడుచుకుని వెంట నడిచింది. ముళ్లు గీరుకుంటూ, రొప్పుకుంటూ, వాగు మలుపు దాకా ఎక్కింది. అక్కడ ఒక దుంగ ఉంది, నాచు పట్టి, సగం నేలలో కలిసిపోయి. ఎప్పుడో హేబత్ కొత్తగా పనిలోకి దిగిన రోజుల్లో దాన్ని కట్టబోతే తాడు కింద నలిగి పిండయిపోయిందట. మోయలేక వదిలేసిన ఒకే ఒక్క దుంగ. దాని మీద ఈ చివరి నుంచి ఆ చివరికి రాష్ మొక్కలు నడుమెత్తున బారు తీరి నిలబడి ఉన్నాయి.

"చూశావా?"

"ఏం చూడమంటావ్? కొండెక్కించావు కదా, గాజులేమైనా చూపిస్తావేమో అనుకున్నా. పుచ్చిన దుంగా?"

"దుంగ కాదే, పైన! ఈ వాలు మొత్తం మీద పిల్ల చెట్లున్నది ఇక్కడే." మోకాళ్ల మీద కూర్చుని నాచు పక్కకు తీశాడు. మొక్కల వేళ్లు దుంగను రెండు పక్కలా కాళ్లు వేసి పట్టుకుని నేలలోకి దిగాయి. పుచ్చిన చెక్కను పిడికిట్లో పిండితే ఎండాకాలం నడిమధ్యలో కూడా నీళ్లు కారాయి. "ఇది తాగి దాచుకుంటోంది. ముళ్లపొద ఇంత ఎత్తుకి రాలేదు. వాన గింజను కొట్టుకుపోలేదు. మనం దీన్నంతా కిందికి దింపేశాం గులందామ్."

ఆమె పైనున్న వాలును, కిందనున్న తన ఇంటి కప్పును మార్చి మార్చి చూసింది.

ఆ శరత్తులోనే హేబత్ కట్టెలు పైకి మోయడం మొదలుపెట్టాడు. చేతికొచ్చిన పని వదిలి, మొదట తన పాక పక్కన పేర్చిన మంచి గట్టి దిమ్మెలనే గాడిదలకు కట్టి ఎక్కించి, వాలుకు అడ్డంగా, మోళ్లకు ఆనించి పరిచాడు. నిక్కమైన కలప అంటే గట్టి కలపే కదా అతని లెక్కలో. వారం తిరిగేసరికి ఒక్కటీ లేదు. ఊళ్లో అందరి పొయ్యిల్లోంచీ దర్జాగా పొగ లేచింది.

"అడవి నడిబొడ్డున కట్టెలు కోసి పేర్చి పెడితే తీసుకోకేం చేస్తారయ్యా?" అంది గులందామ్. "ఈసారి మీద అగ్గిపెట్టె కూడా పెట్టిరా."

అప్పటి నుంచి ఎవరూ ముట్టని పుచ్చిన కట్టె కోసం లోయలన్నీ గాలించాడు. చేత్తో నలిపితే పొడయ్యేదాన్ని గోనెల్లో నింపి, చివికిన దుంగలను కంబళిలో చుట్టి కట్టి ఎక్కించేవాడు. ఊరంతా నవ్వింది. గులందామ్ తమ్ముడు షీర్జాద్ దిగువన వరిచేలలో ఉంటాడు. అక్కా బావలను కిందికి తీసుకుపోదామని ఏటా వచ్చేవాడు. ఆ ఏడు దారిలోనే బావ ఎదురయ్యాడు, గోనెలతో.

"బావా, లోకంలో అందరూ కట్టెలు కిందికి తెచ్చుకుంటారు. నువ్వేంటి, అత్తారింటికి సారె తీసుకెళ్తున్నట్టు పైకి?"

"ముందు దారికి అడ్డం లే. అమ్మగారికి కోపం వస్తోంది."

"అక్కను ఆ ఇంట్లో ఎన్నాళ్లుంచుతావ్? పోయినేడే తలుపు చూశా. ఇక చిత్రిక పట్టడానికి చెక్క మిగల్లేదు. మా ఇంట్లో గది ఖాళీగానే ఉంది."

"మీ చేలల్లో దోమలు గాడిదనే ఎత్తుకుపోతాయిరా. నన్ను వదుల్తాయా?" అని నవ్వి, నవ్వు ఆపి, "నేను దిగిపోతే ఈ వాలు కింద మిగిలినవాళ్లేం కావాలి?" అన్నాడు హేబత్.

అడవి కాపలాదారు యదుల్లా ఒకసారి గాడిదలను ఆపాడు. గులందామ్ పెట్టే వెల్లుల్లి పచ్చడి కోసమని ఎటు పోవాల్సి ఉన్నా సియాకష్ మీదుగానే పోయే మనిషి. మోటారు సైకిలు దిగి గోనెలో చెయ్యి పెట్టి చూసి, చెయ్యి దులుపుకున్నాడు.

"హేబత్ అన్నా, ఏంటిది?"

"కలప."

"కలప కిందికి దింపితే దొంగతనం అంటారు. పైకి ఎక్కిస్తే ఏమంటారో నాకు చెప్పలేదే."

"అడవినే అడుగు. ఏమైనా ఫిర్యాదు చేస్తుందేమో."

యదుల్లా మీసం దువ్వుకుంటూ కాసేపు నిజంగానే ఆలోచించాడు. "పోనీలే," అన్నాడు చివరికి. "పచ్చడి కొత్తది పెట్టారా?"

కానీ గోనెల్లో మోసిన పొడి ఎంతసేపు నిలుస్తుంది? పెద్దవాన పడితే సగం కారిపోయి ఇంటి వెనక గోడ దగ్గరకే చేరేది. ఎర్రటి బురద, అందులో పుచ్చు చెక్క. ఏడాదికేడాదికి ఆ బురద గట్టు ఎత్తవుతోంది. దాన్ని ఎత్తి పోస్తూ గులందామ్ తల పైకెత్తినప్పుడల్లా ఆ చెట్టు కనిపించేది.

ఇంటికి సూటిగా పైన ఉండేది అది. సియాకష్ మొత్తంలో అంత లావు రాష్ ఇంకోటి లేదు. ఎండి చాలా ఏళ్లయింది. బెరడు వేలాడుతోంది, మాను పొడుగునా గుర్రపు డెక్కల్లాంటి నల్లటి పుట్టగొడుగులు మెట్లు మెట్లుగా పట్టాయి. పొద్దస్తమానం వడ్రంగి పిట్ట దాన్ని పొడిచేది. ఆ చప్పుడు బోలుగా ఉండేది, ఖాళీ ఇంటి తలుపు తట్టినట్టు. కోస్తే పలక రాని మాను కాబట్టి గుత్తేదారుకు అక్కర్లేదు. గాలి వీచిన రాత్రి అది మూలిగేది. గులందామ్ పడుకున్న చోటి నుంచి తల జరుపుకుని, ఇంకో గోడ పక్కకు పక్క మార్చుకుంది.

"అది మన మీదే పడుతుంది. రాసిపెట్టుకో."

"పడనీ, కానీ మన మీద కాదు," అన్నాడు హేబత్. అప్పటికే అతని మనసులో వేరే లెక్క ఉంది. ఆ మాను వాలుకు అడ్డంగా, కింద ఉన్న రెండు పాత మోళ్లకు ఆనుకుని పడుకుంటే చాలు. దాని వెనక మట్టి నిలుస్తుంది, గింజ నిలుస్తుంది. ఇప్పటికే సగం పుచ్చి ఉంది కనక మొలకకు ఎక్కువ ఏళ్లు ఎదురు చూడక్కర్లేదు. ఇల్లూ దక్కుతుంది.

"అడ్డంగా పడుకోబెడతా దాన్ని."

గులందామ్ చేతిలో ఉన్న పార ఆగిపోయింది. "నిలబడ్డ చెట్టును నువ్వెప్పుడైనా కొట్టావా?"

"పడినవాటిని ఇంతకాలం మోశానే. ఎటు పడాలో అవే నేర్పాయి."

"నేర్పలేదు. అవన్నీ నువ్వు పోయేసరికే పడి ఉన్నాయి."

"నీ నోటికి మాత్రం పుచ్చు పట్టదే," అన్నాడు నవ్వుతూ. యదుల్లాను అడిగితే నిలబడ్డదాన్ని, అది ఎండిందైనా సరే, ముట్టుకోవద్దన్నాడు. పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు. ఆ ఏడు గింజ విరగకాసింది. మూడు పలకల గింజలు అప్పుడే కప్పు మీద టపటపా రాలుతున్నాయి. పైవాళ్లు చెప్పే దాకా గింజ ఆగుతుందా?

అందుకే ఆ పొగమంచు ఉదయం గంత మెట్టు మీద వదిలి, పాక గోడ వెనక ముందే దాచిన గొడ్డలి తీసుకుని ఎక్కాడు. మంచులో చప్పుడు దూరం పోదు.

గులందామ్ చిక్కుడు గింజలు ఒలుస్తోంది. పైన టక్, టక్ అని వినిపిస్తే వడ్రంగి పిట్ట అనుకుంది. ఇంకాసేపటికి ఆ పిట్ట మరీ నిదానంగా పొడుస్తోందని తోచింది. బయటికి వచ్చి చూస్తే గంత కనిపించింది. పాకలో నల్లది చెవులు నిక్కించి పైకే చూస్తోంది.

"హేబత్!" అని అరిచింది. మంచు ఆ కేకను అక్కడే మింగేసింది.

ఆ తర్వాత వచ్చిన చప్పుడు చిన్నదే. ఎండు కొమ్మ మోకాలి మీద విరిచినంత. దాని వెంట ఇంకేదో మెత్తగా పడింది. గొడ్డలి మళ్లీ వినిపించలేదు. పెద్ద చప్పుడు కోసం, మాను ఒరిగే చప్పుడు కోసం ఆమె గోడ పట్టుకుని ఎదురు చూసింది. రాలేదు. అప్పుడు పరిగెత్తింది.

చెట్టు నిలబడే ఉంది, మొదట్లో సగం గాటుతో. పైనున్న తల మాత్రం లేదు. దెబ్బల అదురుకు అది విరిగి సూటిగా కిందికి దిగింది. గొడ్డలి ఎత్తినవాడు నిలబడ్డ చోటికే.

ఇరుగు పొరుగు వచ్చి, అతను ఉదయం కుట్టిన గంతను నల్లదాని మీద వేసి, దాని మీదే అతన్ని కిందికి తెచ్చారు. ఎన్నడూ తడబడని జంతువు ఆ దారిలో ప్రతి మలుపు దగ్గరా ఆగింది. అది తనంతట తాను కదిలే దాకా వెంట ఉన్నవాళ్లూ ఆగారు.

మూడో రోజు, ఆడవాళ్లు పోయినవాడి పేరున హల్వా పంచుతుండగా గాలి లేచింది. నేల అదిరింది, సమోవార్ మీదున్న కెటిల్ దొర్లింది. అందరూ కొండే వచ్చేస్తోందని పిల్లలను లాక్కుని బయటికి పరిగెత్తారు. వచ్చింది కొండ కాదు. సగం గాటుతో మిగిలిన ఆ మాను ఒరిగింది. వాలుకు అడ్డంగా, రెండు మోళ్లకు ఆనుకుని, హేబత్ గాటు పెట్టిన వైపుకే పడుకుంది.

"వాడే తోశాడు," అంది ఒకామె, ఊపిరి బిగపట్టి.

సియాకష్‌లో మనిషి ప్రాణం తీసిన చెట్టును పొయ్యిలో పెట్టరు. దాంతో వండిన అన్నం గొంతు దిగదంటారు. ఎంత చలి పుట్టినా ఆ మాను మీద ఎవరూ చెయ్యి వేయలేదు. హేబత్ గట్టి దిమ్మెలను వారంలో మాయం చేసిన జనమే దాన్ని చూస్తే దారి తప్పించుకుని పోయారు. యదుల్లా వచ్చినప్పుడు టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. పచ్చడి అడగలేదు.

షీర్జాద్ అక్కను దిగువకు రమ్మన్నాడు. "ఇంకెవరి కోసం అక్కా?"

"ఈ చలికాలం చూసి వస్తాలేరా," అంది గులందామ్. వెనక తలుపు ఆ ఏడు కూడా కరుచుకుంది. చిత్రిక పట్టేవాళ్లు లేక దాన్ని అలాగే వదిలేసింది. ఆ తర్వాత చలికాలాలు తమ్ముడి ఇంట్లో, ఎండాకాలాలు సియాకష్‌లో గడపడం అలవాటు చేసుకుంది. వచ్చినప్పుడల్లా మొదట గ్లాసులో టీ పోసి, తాగకుండా చూసేది. తర్వాత పైకి ఎక్కి ఆ మాను చూసి వచ్చేది. దాని ఎగువన మట్టి గట్టు కట్టింది. గోడ దగ్గరకు వచ్చే బురద తగ్గింది, ఆగిపోలేదు. మాను మీద నాచు పట్టింది. నాచులో రెండాకుల మొలకలు వచ్చాయి. ఎండాకాలం దాటాక కూడా కొన్ని మిగిలాయి. వాన రాత్రుల్లో నేల కింద గొంతు సవరించుకునే చప్పుడు మాత్రం అలాగే ఉంది.

ఎన్నో ఏళ్ల తర్వాత ఒక శరత్తులో తూబా ముసలమ్మ ఎగువ బీళ్ల నుంచి ఆవులను దింపుకుంటూ సియాకష్‌లో ఆగింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆవుల వెంట అడవిలోనే తిరిగిన మనిషి. గులందామ్ పాక ముందు ఆవు పాలు పితుకుతూ, పైన అడ్డంగా పడున్న మానును, దాని పక్కన గొడ్డలి గాటున్న మోడును చూసింది.

"ఎవరే దీన్ని కొట్టింది?"

"మా ఆయన."

"ఎండిన రాష్‌నా? ఎందుకూ?"

"ఇంటి మీద పడుతుందని."

తూబా పొదుగు వదలకుండానే తల అడ్డంగా ఊపింది. గడ్డంతో వాగు అవతలి గట్టును చూపించింది. అక్కడ మంచులో మనిషెత్తు మోడు ఒకటి, దాని చుట్టూ నాచు పట్టిన గుట్ట ఉన్నాయి.

"అది నా పెళ్లినాటికే ఎండి ఉంది. ఏటా కాస్త తల రాల్చేది, తన కాళ్ల దగ్గరే. వేళ్లతో లేచి దూరంగా పడేది పచ్చని చెట్టేనమ్మా. ఎండిన రాష్ పైనుంచి ముక్కలు ముక్కలుగా విరిగి, నిలబడ్డ చోటే దిగిపోతుంది. అది మీ ఇంటి దాకా వచ్చేది కాదు."